ఆకు వాడిపోతే ముందు వేరు చూడండి
పాఠకుల ప్రశ్నలు – జవాబులు: చెన్నై ఇళ్లలో మట్టి లేని సాగు

చెన్నైలో మట్టి లేకుండా కొత్తిమీర, పుదీన, లెట్యూస్ పెంచుతున్న పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నలివి. చాలామంది ఆకు ఫొటోలు పంపారు. తొట్టి మూత ఎత్తి వేరు ఫొటో తీసి పంపినవారు తక్కువ. మన ఊరి వేడిలో, మన బోరు నీళ్లలో జబ్బు ముందు వేరుకు వస్తుంది. ఆకు మీద కనబడేది ఆ తర్వాతే.

ప్రశ్న: ఫ్లాట్‌లో మొదటిసారి మొదలుపెడుతున్నాం. పైపుల కిట్ కొనమంటారా, వేరే మార్గం ఉందా? (వేళచ్చేరి)

పైపుల కిట్ వద్దండి. పైపులో నీరు పలుచని పొరలా పారుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం గంటసేపు కరెంటు పోతే వేళ్లు ఎండిపోతాయి. కరెంటున్నా ఆ పలుచని నీరు గది వేడిని ఇట్టే పట్టేస్తుంది. మొదటిసారికి కదలని నీటి డబ్బా చాలు. పంపు అక్కర్లేని ఈ పద్ధతికి హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన బెర్నార్డ్ క్రాట్కీ పేరే స్థిరపడింది.

మూత ఉన్న 20 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. వెలుతురు లోపలికి పోకూడదు. మొబైల్ టార్చి లోపల పెట్టి చీకట్లో చూస్తే తెలిసిపోతుంది. వెలుతురు బయటికి కనబడితే ముందు నల్ల రంగు, దాని మీద తెల్ల రంగు వేయండి. నలుపు వెలుతురును ఆపుతుంది, తెలుపు వేడిని వెనక్కి పంపుతుంది. మూతకు 2 అంగుళాల నెట్ కప్పులు (వేళ్లు దిగేలా చిల్లులున్న చిన్న కప్పులు) పట్టేలా, మధ్య 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎడం ఉండేలా నాలుగు రంధ్రాలు చాలు. లెట్యూస్ మొక్క కోతకొచ్చేసరికి సుమారు 4 లీటర్లు తాగుతుంది. మన దగ్గర 5 లీటర్లని లెక్క వేసుకోండి.

మొదట్లో ఎరువు కలిపిన నీరు (కొలత కింద పెరంబూరు జవాబులో ఉంది) కప్పు అడుగును ఒక సెంటీమీటరు మేర తాకాలి. మొక్క తాగేకొద్దీ మట్టం దిగుతుంది, పైన ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో వేలాడే వేళ్లు గాలిని పీల్చుకోవడానికి అలవాటుపడతాయి. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. నీరు తగ్గిందని గాభరాపడి మళ్లీ నిండా పోస్తారు. గాలికి అలవాటుపడ్డ వేళ్లు మునిగి ఊపిరాడక చస్తాయి, రెండు రోజుల్లో మొక్క వాలిపోతుంది. పోయాల్సి వస్తే డబ్బాలో మూడో వంతు దాటనివ్వకండి.

ప్రశ్న: మార్చి దాకా బాగున్న మొక్కలు ఏప్రిల్ చివర్లో పగలు వాడి, రాత్రి లేస్తున్నాయి. నీళ్లు నిండుగానే ఉన్నాయి. వేళ్లు గోధుమ రంగులోకి మారాయి. ఎరువు ఎక్కువైందా? (అంబత్తూరు)

ఎరువు కాదు, వేడి. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. వేడికి వేరు అడిగే ప్రాణవాయువేమో పెరుగుతుంది. ఇలా ఊపిరి చాలని వేరు మీద పిథియం అనే వేరుకుళ్లు తెగులు పడుతుంది. నీరు 25 డిగ్రీల లోపు ఉంటే భయం తక్కువ. 28 దాటితే ప్రమాదంలో ఉన్నట్టే. అక్వేరియం థర్మామీటర్ ఒకటి తొట్టిలో వేసి మధ్యాహ్నం 3 గంటలకు చూడండి. ఉదయం చూస్తే తెలియదు.

గోధుమ రంగు వేరంతా కుళ్లు కాదు. కొన్ని ఎరువుల్లోని ఇనుము వేరుకు లేత గోధుమ రంగు అంటిస్తుంది. తేడా తెలియాలంటే వేరు కొసను రెండు వేళ్లతో పట్టి లాగండి. పైతొక్క జారి చేతికొచ్చి, లోపల దారంలాంటి పోగు మిగిలితే కుళ్లు. జిగురు, మురుగు వాసన కూడా ఉంటాయి. గట్టిగా ఉండి వాసన లేకపోతే రంగు మాత్రమే.

కుళ్లే అయితే ఆ ద్రావణం, అంటే తొట్టిలోని ఎరువు నీరు, పారబోయండి. ఇంటి బ్లీచు లీటరు నీటికి 10 మిల్లీలీటర్లు కలిపి తొట్టి, మూత, కప్పులు అరగంట నానబెట్టి, బాగా కడిగి, ఎండబెట్టండి. సగానికి పైగా వేరు పోయిన మొక్కను కాపాడాలని చూడకండి. అది మిగతావాటికీ అంటిస్తుంది.

ఇక చల్లదనం సంగతి. తొట్టిని పైకప్పు వేడి తగిలే మేడ మీది గదిలోంచి తీసి, నేల మీద, గోడ నీడలో పెట్టండి. ప్లాస్టిక్ డబ్బా కంటే చేపల వ్యాపారులు వాడే రకం థర్మాకోల్ పెట్టె మేలు. కాకపోతే తెల్ల థర్మాకోల్ గుండా కొంత వెలుతురు పోతుంది కాబట్టి లోపల నల్ల పాలిథిన్ పరవాలి. లీటరు సీసాలో 900 మిల్లీలీటర్ల నీరు పోసి గడ్డకట్టించి, మూత బిగించి తొట్టిలో వేయండి. 20 లీటర్ల నీటిని ఒక్క సీసా 4 నుంచి 5 డిగ్రీలు దించగలదు. మధ్యాహ్నం 12కి ఒకటి, 4కి ఒకటి. ఐసు ముక్కలు నేరుగా వేస్తే ఎరువు పలచబడుతుంది.

గాలి పంపు కూడా పెట్టుకోండి. కొళత్తూరు అక్వేరియం దుకాణాల్లో దొరికే 3, 4 వాట్ల పంపు, నీటిలో బుడగలు వదిలే ఒక గాలిరాయి చాలు. పంపును నీటి మట్టం కంటే ఎత్తులో ఉంచండి. కింద పెడితే కరెంటు పోయినప్పుడు ట్యూబు గుండా నీరు వెనక్కి పారి పంపులోకి చేరుతుంది. ఎత్తులో పెట్టే వీలు లేకపోతే ట్యూబు మధ్యలో నాన్ రిటర్న్ వాల్వు తప్పనిసరి. ఎండలో ఉన్న బాల్కనీలో పంపు పెట్టి ట్యూబు లోపలికి లాగినా ప్రయోజనం తక్కువ. వేడి గాలినే నీటిలోకి ఊదుతున్నట్టు అవుతుంది.

ప్రశ్న: మాది సముద్రానికి దగ్గర. బోరు నీటి టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) 900 చూపిస్తోంది. అపార్టుమెంటులో సాఫ్ట్‌నర్ ఉంది కదా, ఆ నీళ్లు వాడవచ్చా? (తిరువాన్మియూరు)

సాఫ్ట్‌నర్ నీళ్లు అస్సలు వద్దు. సాఫ్ట్‌నర్ ఉప్పును తీసేయదు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని వాటి బదులు సోడియం వదులుతుంది. కుళాయికి తెల్ల పొర పట్టదు, సబ్బు నురుగొస్తుంది. మొక్కకు మాత్రం కావలసింది పోయి, అక్కర్లేనిది చేరింది. టీడీఎస్ మీటరు రెంటికీ దాదాపు ఒకే అంకె చూపిస్తుంది కాబట్టి మీటరు చూసి మోసపోతారు. సాఫ్ట్‌నర్‌కు ముందున్న కుళాయి నుంచే పట్టుకోండి.

900 ఉన్న బోరు నీరు ఒక పాలు, 50 ఉన్న ఆర్వో నీరు మూడు పాళ్లు కలిపితే 262 వస్తుంది. 250, 300 లోపు అయితే ఆకుకూరలకు సరిపోతుంది. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీరు మాత్రం బోరు నీటి కంటే ఉప్పగా ఉంటుంది. దానితో ఇల్లు తుడుచుకోండి, తొట్టిలో పోయకండి.

ఏసీ నుంచి కారే నీరు దాదాపు ఉప్పు లేని నీరు. ఏసీ ఫిల్టరు శుభ్రంగా ఉంచి, మొదటి అరగంట నీరు వదిలేసి, తర్వాతది పలుచని గుడ్డలో వడకట్టి వాడవచ్చు. తాగడానికి మాత్రం కాదు. తమిళనాడులో వాన నీటి సేకరణ ఏర్పాటు 2003లో ప్రతి భవనానికీ తప్పనిసరి చేశారు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మేడ మీది నీటిలో మొదటి వాన వదిలేసి, తర్వాతి వానలు డ్రమ్ముకు పట్టుకుంటే ఆ సీజను లెట్యూస్‌కు అంతకంటే మంచి నీరు లేదు.

ఒక మాట: టీడీఎస్ అంకెలు మీటరును బట్టి మారతాయి. ఈసీ అంటే నీటి గుండా కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పే కొలత, లవణాలు ఎక్కువైతే అదీ పెరుగుతుంది. ఈసీ 1.0 ఉన్న నీటినే ఒక మీటరు 500 అంటే ఇంకొకటి 700 అంటుంది. ఈసీ చూపే మీటరు కొనుక్కుని ఆ అంకెనే రాసిపెట్టుకోండి.

ప్రశ్న: 19:19:19 నీటిలో పూర్తిగా కరిగే ఎరువే కదా. అదొక్కటే వేస్తుంటే మొక్కలు పాలిపోయి, లేత ఆకులు వంకర తిరుగుతున్నాయి. ఎందుకు? (పెరంబూరు)

ఆ మూడు అంకెలు నత్రజని, భాస్వరం, పొటాష్‌లవి. ఆ సంచిలో కాల్షియం లేదు. లేత ఆకు వంకరకు కారణం చాలావరకు అదే. రెండోది, అందులోని నత్రజనిలో సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది. మట్టిలోనైతే సూక్ష్మజీవులు దాన్ని నైట్రేటుగా మార్చి మొక్కకు అందిస్తాయి. మీ డబ్బాలో మట్టి లేదు, ఆ జీవులూ చాలినన్ని ఉండవు. పైగా యూరియాకు విద్యుదావేశం లేదు కాబట్టి ఈసీ మీటరు దాన్ని చూడలేదు. అంకె తక్కువగా ఉందని ఇంకో చెంచా వేస్తారు, పనికిరాని యూరియా పోగుపడుతుంది. పొలానికి మంచి ఎరువే, డబ్బాకు కాదు.

ఎ, బి అని రెండు సీసాలుగా దొరికే హైడ్రోపోనిక్ ద్రావణం తేలిక దారి. సొంతంగా కలుపుకోవాలంటే ఎరువుల దుకాణంలో దొరికే వాటితోనే 10 లీటర్ల ఆర్వో నీటికి లెట్యూస్, కొత్తిమీరలకు ఈ కొలత సరిపోతుంది: కాల్షియం నైట్రేట్ 5 గ్రాములు, 13:0:45 అంటే పొటాషియం నైట్రేట్ 3 గ్రాములు, 0:52:34 అంటే మోనో పొటాషియం ఫాస్ఫేట్ ఒకటిన్నర గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ రెండున్నర గ్రాములు. ఈసీ 1.1 దగ్గర తేలుతుంది. నారుకు ఇందులో సగం. పుదీనకు ఒకటిన్నర రెట్లు.

ఇనుము 12 శాతం ఉన్న ఈడీటీఏ రకమైతే (ఇనుమును నీటిలో కరిగి ఉండేలా పట్టి ఉంచే రకం) 10 లీటర్లకు 0.17 గ్రాము కావాలి. ఇంత చిన్న తూకం ఇంట్లో కుదరదు. 17 గ్రాములు లీటరు నీటిలో కరిగించి నల్ల సీసాలో పోసుకుని, ప్రతి 10 లీటర్లకు అందులోంచి 10 మిల్లీలీటర్లు వేయండి. బోరాన్, మాంగనీస్, జింకు, రాగి, మాలిబ్డినం కలిపిన సూక్ష్మపోషకాల పొడి సంచి మీది మోతాదు దాటకూడదు. బోరాన్ కొంచెం ఎక్కువైనా ఆకు అంచులు కాలిపోతాయి. ఆ పొడిలో ఇనుము కూడా ఉంటే ఆ మేరకు పై కొలత తగ్గించండి.

కలిపే వరుస ముఖ్యం. కాల్షియం నైట్రేట్‌ను మొత్తం నీటిలో ముందు కరిగించి, మిగతావి ఒక్కొక్కటి వేరే గ్లాసులో కరిగించి పోయాలి. చిక్కని ద్రావణాలను కలిపేస్తే కాల్షియం, సల్ఫేటు, ఫాస్ఫేటు పట్టుకుని అడుగున తెల్ల సున్నంలా పేరుకుంటాయి. ఆ పేరుకున్నది ఎంత తిప్పినా మొక్కకు అందదు. కాల్షియం నైట్రేట్ మన సముద్రపు గాలి తేమకు రెండు రోజుల్లో పాకంలా కారిపోతుంది. బిగుతు మూత సీసాలోకి మార్చండి.

చివరగా పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 5.5 నుంచి 6.5 మధ్యకు దించాలి. నిమ్మ ఉప్పు వేస్తే వెంటనే దిగుతుంది, నాలుగు రోజుల్లో సూక్ష్మజీవులు దాన్ని తినేయగానే మళ్లీ ఎక్కుతుంది. ఫాస్ఫారిక్ ఆమ్లంతో కలిగే మార్పు నిలుస్తుంది. చేతి తొడుగులు వేసుకుని, లీటరు నీటిలో 10 మిల్లీలీటర్ల ఆమ్లం పోసి పలచన చేయండి. ఆమ్లంలో నీరు పోయకూడదు. ఆ పలచన ద్రావణాన్ని రెండేసి మిల్లీలీటర్లు వేస్తూ, ప్రతిసారీ కలిపి చూడండి. తొట్టి కడిగే బ్లీచు దగ్గరికి ఈ సీసా రానివ్వకండి. రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది.

ప్రశ్న: లెట్యూస్ విత్తనాలు మూడుసార్లు వేశాను, మొలవలేదు. నర్సరీ నారు తెచ్చి పెడితే పెరిగింది కానీ చేదు. (మడిపాక్కం)

రెండిటికీ కారణం ఒకటే. 28, 30 డిగ్రీలు దాటితే లెట్యూస్ విత్తనం చావదు కానీ నిద్రపోతుంది. తడి టిష్యూ కాగితంలో పరిచి, డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో రెండు రోజులు ఉంచండి. తర్వాత ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే చోట తడి స్పాంజి మీద పైపైన పెట్టండి. పూడ్చకండి, ఈ విత్తనానికి వెలుతురు కావాలి.

చేదు రావడమంటే మొక్క పూతకు సిద్ధమవుతోందని అర్థం. కాండం సాగుతుంది, తుంచితే పాలు కారతాయి. అప్పుడు చేయగలిగింది లేదు, పీకేయండి. చెన్నైలో అక్టోబరు చివరి నుంచి జనవరి మధ్య వరకు విత్తుకుని, విడి ఆకుల రకాలు 30 రోజులకే లేతగా కోసుకుంటే చేదుండదు. ఐస్‌బర్గ్ రకం లెట్యూస్ క్యాబేజీలా గడ్డ కట్టాలని ఇక్కడ ఆశపడకండి. మార్చి నుంచి సెప్టెంబరు వరకు ఆ డబ్బాల్లోనే తోటకూర, బచ్చలి, గంగవావిలి వేయండి. లేత గంగవావిలి ఆకు పుల్లపుల్లగా, సలాడ్‌లో లెట్యూస్‌ను మరిపిస్తుంది.

ప్రశ్న: వంటింటి ధనియాలు వేస్తే మొలుస్తాయా? ఇటాలియన్ బేసిల్ విత్తనం ఖరీదు ఎక్కువ, బదులేమైనా ఉందా? (టి.నగర్)

ధనియాలు మొలవచ్చు, మొలవకపోవచ్చు. కొట్లో ఎంత కాలం నిల్వ ఉన్నాయో తెలియదు. విత్తనాల దుకాణంలోవే తీసుకోండి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క ఇషా రకం పలుమార్లు కోసుకోవడానికి వీలైనది. ఒక్కో ధనియం నిజానికి రెండు గింజల జత. చపాతీ కర్రతో మెల్లగా ఒత్తి బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి, కప్పుకు 8 నుంచి 10 బద్దలు వేయండి. వారం, పది రోజులు పడుతుంది. నారు పోసి మార్చకండి. కొత్తిమీరది పొడవాటి తల్లివేరు, అది తెగితే మొక్క అక్కడే ఆగిపోతుంది, లేదా పూతకొస్తుంది.

బేసిల్‌కు బదులు మీ ఇంట్లోనే ఉంది. ఫాలూదాలో వేసే సబ్జా గింజలు బేసిల్ జాతివే. ఇక్కడి పూలకొట్లలో తిరునీట్రు పచ్చిలై అని అమ్మేది ఆ మొక్కే. ఘాటు ఇటాలియన్ రకానికి కాస్త వేరుగా ఉంటుంది, కానీ మే నెల వేడిని లెట్యూస్ కంటే ఎంతో బాగా తట్టుకుంటుంది. ఆరు జతల ఆకులు రాగానే రెండో కణుపు పైన తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది.

ప్రశ్న: హాల్లో కిటికీ పక్కన పెట్టాం. మొక్కలు సన్నగా సాగి పడిపోతున్నాయి. లైటు పెడితే బిల్లు ఎంత పెరుగుతుంది? (అన్నానగర్)

మన కంటికి వెలుతురుగా ఉన్న హాలు మొక్కకు చీకటి. మొబైల్‌లో లక్స్ కొలిచే యాప్‌తో ఆకు ఎత్తులో చూడండి, కొన్ని వందలే ఉంటుంది. కావలసింది 10,000 నుంచి 15,000. నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న షెల్ఫుకు 20 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులు మూడు, ఆకుకు 15, 20 సెంటీమీటర్ల పైన కట్టండి. 6500కె అని రాసి ఉన్నవి సరిపోతాయి, ఊదారంగు లైట్లు అక్కర్లేదు. రోజుకు 16 గంటలు వెలిగితే ఒక యూనిట్ కంటే కాస్త తక్కువ, రెండు నెలల బిల్లుకు సుమారు 58 యూనిట్లు. మొదటి 100 యూనిట్లు ఉచితమే అయినా ఇంటి వాడకం ఎలాగూ దాన్ని దాటుతుంది కాబట్టి ఇవి మీ పై శ్లాబులో పడతాయని లెక్కవేసుకోండి. వేసవిలో టైమరు పెట్టి సాయంత్రం 6 నుంచి ఉదయం 10 దాకా వెలిగించండి. ట్యూబుల వేడి మధ్యాహ్నపు వేడికి తోడవదు.

ప్రశ్న: డబ్బాలో దోమ పిల్లలు కనిపించాయి. మందు వేయవచ్చా? (క్రోంపేట)

దీన్ని చిన్న విషయంగా తీసుకోకండి. డెంగ్యూ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి ఇంటి నిల్వ నీటిలోనే. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి మన వేడిలో వారం, పది రోజులు చాలు. కదలని నీటి డబ్బా నెలకు పైగా అలాగే ఉంటుంది. పురుగు కనిపించిన ద్రావణాన్ని వెంటనే ఎండలో, మట్టి మీద పారబోయండి, కాలువలో కాదు. తినే ఆకు కాబట్టి కిరోసిన్, పురుగుమందు వద్దు.

దోమ ఎక్కడి నుంచి దూరిందో వెతకండి. మొక్క లేని రంధ్రం, మూత అంచు సందు, గాలి ట్యూబు దూరిన చోటు, నారు ఇంకా చిన్నదైన కప్పు. ఖాళీ రంధ్రాలకు బిరడా, అంచుకు స్పాంజి పట్టీ, ట్యూబు చుట్టూ పుట్టీ పెట్టండి. చిన్న నారున్న కప్పుల మీద దోమతెర ముక్క చుట్టి, కాడ వచ్చేచోట చిన్న చీలిక వదలండి. వారానికోసారి మూత ఎత్తి టార్చితో చూడండి. అప్పుడే వేరు రంగు కూడా చూసినట్టవుతుంది.

ప్రశ్న: లేత ఆకులు పసుపు, ఈనెలు పచ్చగా ఉన్నాయి. లెట్యూస్ లోపలి ఆకుల కొసలేమో మాడుతున్నాయి. (పోరూరు)

మొదటిది ఇనుము అందకపోవడం. ఇంకా ఇనుము పోయకముందు పీహెచ్ చూడండి, 7 దాటి ఉంటుంది. దించితే కొత్తగా వచ్చే ఆకు పచ్చగా వస్తుంది, పాత ఆకు మారదు. రెండోది కాల్షియం లోపలి ఆకుకు చేరకపోవడం. మన గాలిలో తేమ ఎక్కువ, మూసిన గదిలో ఆకు నుంచి నీరు ఆవిరి కాదు, అది కాకపోతే వేరు నుంచి కాల్షియం పైకి ఎక్కదు. చిన్న టేబుల్ ఫ్యాను ఆకులు మెల్లగా కదిలేలా పెట్టండి, ఎరువు పెంచకండి.

ప్రశ్న: పుదీన కట్ట కొని కొమ్మలు నీటిలో పెడితే కుళ్లిపోతున్నాయి. (మైలాపూరు)

నాలుగు కణుపులున్న కొమ్మ తీసుకుని, కింది రెండు కణుపుల ఆకులు గిల్లేసి, ఆ రెండే మునిగేలా మామూలు నీటిలో పెట్టండి. ఆకు మునిగితే కుళ్లుతుంది. నీరు రోజూ మార్చాలి, ఎరువు వేయకూడదు. వారం, పది రోజుల్లో వేళ్లు అంగుళం రాగానే డబ్బాలోకి మార్చండి. పుదీనకు వేరే డబ్బా ఇవ్వండి, దాని తీగవేళ్లు నెలన్నరలో పక్క మొక్కల వేళ్లను అల్లుకుని విడదీయలేకుండా చేస్తాయి.